కొమ్మల కిందికి వెళ్లే కట్టర్

19 జనవరి 1986, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి రుషికొండ తోటకి వెళ్లాను. జీడిమామిడి పూత ఈసారి బాగుంది. చెట్ల కింద మాత్రం నడుమెత్తు తుప్ప. పోర్టులో ఉద్యోగం, సీతమ్మధారలో ఇల్లు, వారానికోసారి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే ఆసామిని. నాకు పూత కనిపిస్తుంది, తుప్ప కనిపించదు.

నారాయణమ్మ వచ్చింది. జీడిపిక్కలు ఏరడానికి ఏటా ఆడకూలీలను తెచ్చేది ఆవిడే. ఈయేడు మావోళ్లెవరూ రారు బాబూ, ముందు తుప్ప నరికించు, అప్పుడు మాటాడుకుందాం అని మొహం మీదే చెప్పేసింది. వెనకాల పోతమ్మ నిలబడి ఉంది. తనూ ఏటా వచ్చే కూలీయే.

పోయిన ఏప్రిల్లో పోతమ్మ తల్లి కాశమ్మ ఈ తుప్పలోనే రాలిన పిక్క కోసం చెయ్యి పెట్టింది. రక్తపింజర. ఎవరిదో జీపు ఆపి నేనే ఎక్కించాను. ఆసుపత్రి ఇంకా చాలా దూరం ఉండగానే, నా చేతిని పట్టుకున్న చెయ్యి వదులైపోయింది. పోతమ్మకి అప్పుడు ఆరో నెల. తల్లి కాళ్ల దగ్గర జీపులో కూర్చుని నన్నే చూస్తూ వచ్చింది.

ఈ తోటలో ఇంకో మనిషి పోకూడదు. మిగతావన్నీ తర్వాత.

తుప్ప నరకడం మగవాళ్ల పని, ఆడోళ్లం ముట్టుకోం అంది నారాయణమ్మ. మగవాళ్లంతా స్టీల్ ప్లాంటు పనులకి పోయారు. ఒక్కడూ దొరకడు. షెడ్డులో దసరాకి కొన్న చిన్న ట్రాక్టరుంది. నీళ్ల ట్యాంకు లాగడం తప్ప దానికి వేరే పని లేదు. దాని వెనక తగిలించే రోటరీ కట్టర్ కొంటాను. పిక్కలు రాలేలోపు తోటంతా గుండు కొట్టించినట్టు ఉండాలి.

21 జనవరి, మంగళవారం

ఆఫీసు నుంచి నేరుగా డాబాగార్డెన్స్‌లో భీమశంకరరావు షాపుకి. వ్యవసాయ యంత్రాలు అమ్ముతాడు, మాటలు ఫ్రీగా ఇస్తాడు. రోటరీ కట్టర్ చూపించవయ్యా అంటే రోటవేటర్ చూపించాడు. అది నేల తిరగేసేది, నాకు కావలసింది తుప్ప కొట్టేది అన్నాను. తెలుసు సార్, తమరికి ఇది కూడా నచ్చుతుందేమోనని అన్నాడు. తెలియదు. మొహంలోనే కనిపించింది.

చివరికి కేటలాగ్ తీశాడు. యంత్రం సింపులే. ఒక ఇనుప మూత, దాని కింద గిరగిర తిరిగే రెండు మొద్దు కత్తులు. ట్రాక్టరు ఇంజను నుంచి వెనక్కి వచ్చే పీటీఓ షాఫ్ట్ వాటిని తిప్పుతుంది. పదును అక్కర్లేదు, వేగంతోనే నరుకుతాయి. చూసుకోవలసింది వెడల్పు. ఎక్కువైతే మా చిన్న ఇంజను లాగలేదు. తక్కువైతే చక్రాలు తొక్కిన తుప్ప తెగకుండా మిగిలిపోతుంది, వారం తిరిగేసరికి మళ్లీ లేచి నిలబడుతుంది. బరువు కూడా చూసుకోవాలి. వెనక బరువెక్కువైతే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తనకి నచ్చినట్టు పోతుంది.

క్రేన్ల సెక్షన్‌లో తల నెరిసినవాణ్ణి. ఇదేమంత పని అనుకున్నాను.

23 జనవరి

భోజనం దగ్గర కూడా కేటలాగే. పెళ్లిచూపుల్లో నన్ను ఇంతసేపు చూడలేదు మీరు అంది పద్మావతి.

26 జనవరి, ఆదివారం

ఆఫీసులో జెండా వందనం, చాక్లెట్టు. అయ్యాక టేపు జేబులో వేసుకుని తోటకి.

సన్యాసిరాజు ట్రాక్టరు తీశాడు. రుషికొండ వాడే. ఇదివరకు లారీ తోలేవాడు. ట్రాక్టరు కొన్నప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు. బండిని పెళ్లికొడుకుని చూసుకున్నట్టు చూసుకుంటాడు. రెండు చెట్ల వరసల మధ్య నుంచి వెళ్లమన్నాను. బ్రహ్మాండంగా వెళ్లింది. చెట్టు కిందికి వెళ్లమన్నాను. మొదటి కొమ్మ వాడి ఛాతీకి తగిలింది. వంగాడు. రెండోది నుదుటికి. చివరికి స్టీరింగ్ మీద బోర్లా పడుకుని, బాబూ ఇలగైతే నాను నేల్ని సూసుకుంటా తోలాల, ముందేటున్నాదో దేవుడే సెప్పాల అన్నాడు. నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు.

కానీ నవ్వే సంగతి కాదు. జీడిమామిడి కొమ్మలు గొడుగులా నేలదాకా దిగుతాయి. తుప్పంతా ఆ గొడుగు కిందే. పిక్కలు రాలేదీ అక్కడే, పాములుండేదీ అక్కడే. కట్టర్ ట్రాక్టరు వెనకాలే వస్తే వరసల మధ్య దారి శుభ్రమవుతుంది. కాశమ్మ చెయ్యి పెట్టిన చోటు అలాగే ఉంటుంది.

టేపుతో కొమ్మల ఎత్తు కొలిచాను. చెట్టు తర్వాత చెట్టు. సన్యాసిరాజు టేపు చివర పట్టుకుని విసుక్కోకుండా తిరిగాడు.

30 జనవరి, గురువారం

దొరికింది. కేటలాగ్‌లో ఒక మూల చిన్న బొమ్మ. ఆఫ్‌సెట్ కట్టర్. ట్రాక్టరు వెనకాల కాకుండా కుడిపక్కకి జరిగి ఉంటుంది. ట్రాక్టరు, డ్రైవరు కొమ్మల బయటే ఉంటారు. కట్టర్ ఒక్కటే కొమ్మల కిందికి వెళ్తుంది. ఎవడో మా తోట చూసి గీసినట్టుంది.

భీమశంకరరావు తల గోక్కున్నాడు. బొంబాయి నుంచి తెప్పించాలి, మామూలుదైతే రేపే ఇస్తాను సార్ అన్నాడు. కంచరపాలెంలో ఒక లేత్ వర్క్‌షాప్ వాళ్లు మామూలుది చేస్తున్నారని, రాళ్లు ఎగిరి తగలకుండా వెనకాల గొలుసుల తెర కూడా వేస్తారని నాకు తెలుసు. గట్టి వస్తువే. కానీ కొమ్మల కిందికి పోదు. పోనిదానితో నాకేం పని.

బరువు ఒకవైపే పడుతుంది కదా, బండి కుడికి లాగదా అని అడిగాను. ఎడమ చక్రానికి ఇనుప దిమ్మలు తగిలించుకోవాలట. కొమ్మల కింద ఏముందో డ్రైవరుకి కనిపించదు, దానికేం చెయ్యాలి అనీ అడిగాను. రాళ్లు, మొద్దులు ముందే తీయించెయ్యండి సార్, ఇంకేముంటుంది అక్కడ అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

ఆడవాళ్లని పెట్టి ముందు రాళ్లు ఏరిస్తాను. వాళ్లకీ నాలుగు రోజుల పని దొరుకుతుంది.

31 జనవరి

ఆఫ్‌సెట్‌కే ఆర్డరిచ్చాను. పద్మావతికి బొమ్మ చూపించాను. చెయ్యి చాపి ముష్టెత్తుకుంటున్నట్టుంది అంది.

8 ఫిబ్రవరి, శనివారం

వచ్చింది. లారీలోంచి దింపుతుంటే నా చేతులు ఊరుకోలేదు. సెలవు పెట్టి నేనే బిగించాను. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. సన్యాసిరాజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు.

9 ఫిబ్రవరి, ఆదివారం

సాయంత్రం ట్రయల్. రోడ్డు పక్క వరసలో ఒక ముక్క. రాళ్లు నేనూ సన్యాసిరాజూ కలిసి తీశాం. ట్రాక్టరు ఎండలో నడుస్తోంది, కట్టర్ నీడలో. ఆకుల వెనక అసలు కనబడనే లేదు, చప్పుడు మాత్రం వినిపించింది. అది దాటి వెళ్లాక కొమ్మ ఎత్తి చూస్తే కింద నేల చాప పరిచినట్టు ఉంది.

ఆ చాప మీద రెండు ముక్కలుగా రక్తపింజర. తల వైపు ముక్క ఇంకా కదులుతోంది. నారాయణమ్మ చూడటానికి వచ్చింది. ఇది పోయినేడు రావలసింది బాబూ అంది. వచ్చే ఆదివారం రాళ్లు ఏరడానికి అందరినీ తీసుకొస్తానంది. పోతమ్మ కూడా వస్తుందా అని అడిగాను. వస్తాదంది.

చాలా రోజుల తర్వాత హాయిగా అన్నం తిన్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం. మధ్యాహ్నం 12, తోట షెడ్డులో

పిల్ల బతికే ఉంది. ముందు ఇది రాసుకోవాలి. పిల్ల బతికే ఉంది.

సాయంత్రం 5

ఇప్పుడు రాయగలను అనుకుంటున్నాను.

తొమ్మిదింటికి మొదలుపెట్టాం. ఆడవాళ్లు ముందు వరసల్లో రాళ్లు ఏరుకుంటూ పోతున్నారు. ఒక వరస అయిపోతే చివర కొమ్మకి నారాయణమ్మ తెల్లగుడ్డ కడుతుంది. గుడ్డ చూసి నేను సన్యాసిరాజుకి చెయ్యి ఊపుతాను. పోర్టులో క్రేన్‌కి సిగ్నల్‌మన్ ఊపినట్టే. ఏర్పాటంతా నాదే. మూడు వరసలు పరుగులాంటి నడకతో అయిపోయాయి. నాలుగో వరసకి గుడ్డ కట్టారు. ఊపాను.

వరస సగంలో ఇంజను గొంతు మారింది. రాయి తగిలితే ఠంగుమంటుంది. ఇది అది కాదు. ఏదో మెత్తటిది చుట్టుకుని బిగుసుకుపోతున్న మూలుగు. సన్యాసిరాజు క్లచ్ తొక్కి, పీటీఓ తీసి, ఇంజను ఆపేశాడు. నేను కొమ్మ ఎత్తుకుని లోపలికి దూరాను.

కొమ్మకి ఒక చీర ముడి వేసి ఉంది. ముడి కింద జానెడు గుడ్డ వేలాడుతోంది. మిగిలిన చీర కట్టర్ కింద ఉంది.

ఉయ్యాల.

నాకు తెలుసు. ఏటా పిక్కల కాలంలో తోట నిండా ఉయ్యాలలే. చంటిపిల్లల తల్లులు పొద్దున వస్తూనే కొమ్మలు బాగా కిందికి దిగిన చెట్టు వెతుక్కుంటారు. ఎండ పడదు, గాలి కొట్టదు. పాత చీర కట్టి పిల్లని పడుకోబెట్టి పనిలోకి దిగుతారు. పని ఎటు జరిగితే తల్లి అటు జరుగుతుంది, ఉయ్యాల జరగదు. నిద్రపోయే పిల్లని కదపరు. పక్కనుంచి వెళ్తూ నేనే ఎన్నోసార్లు ఒక ఊపు ఊపి వెళ్లాను. కానీ అది పిక్కల కాలం, ఇది తుప్ప కొట్టే కాలం. నా బుర్రలో రెండూ రెండు ఊళ్లలా ఉండిపోయాయి.

టేపు పెట్టి ప్రతి కొమ్మా కొలిచాను. ఆ కొమ్మకి ఏం కడతారో ఒక్కసారి కూడా తట్టలేదు.

కట్టర్ మూత కింద ఎర్రగా కనిపించింది. చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. లాగాను. బొంత. చిన్న బొంత, సగం. ఎరుపు చీర అంచుది. అది అంచేనని నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మళ్లీ చెయ్యి పెట్టాను. మోచేతి దాకా పెట్టాను. ఏం దొరుకుతుందని పెట్టానో రాయను.

నారాయణమ్మ పరిగెత్తుకొచ్చి ముడి చూసి కాశమ్మా, కాశమ్మా అని నేల మీద కూలబడిపోయింది. పోయిన మనిషిని ఇప్పుడెందుకు పిలుస్తోంది అనుకున్నాను. పోతమ్మ తన కూతురికి తల్లి పేరే పెట్టుకుందట. నాకు అప్పుడే తెలిసింది.

సన్యాసిరాజు దిగి కంచెదాకా నడిచి వెళ్లి ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. దూరంగా సముద్రం వినిపించింది. ఇన్నేళ్లలో ఆ తోటలో సముద్రం వినిపిస్తుందని నేను గమనించలేదు.

అప్పుడు పోతమ్మ వచ్చింది. సరుగుడు చెట్ల వైపు నుంచి మామూలుగా నడుచుకుంటూ. పిల్ల రొమ్ము కరుచుకుని ఉంది. ఏటైనాది, మిషను ఆపీసినారేటి అని అడిగింది.

రాళ్లు ఏరుతుంటే పాలు చేపుకొచ్చాయట. రవిక తడిసిపోయిందట. నిద్రపోయే పిల్లని ఎత్తకూడదని తనకీ తెలుసు, కానీ పోటు ఓర్చుకోలేక ఎత్తుకుని, మగవాళ్లు ఉన్నారని సరుగుడు చాటుకి వెళ్లిందట. పాలు ఇంకాసేపు ఆగి ఉంటే ఆగేవి. ఎందుకు ఆగలేదో ఎవరికి తెలుసు.

నారాయణమ్మ ఏడుస్తూనే చెప్పింది. వరస కొడితే ఓ రోజు పడతాది కదా బాబూ, నాలుగోది రేపో ఎల్లుండో అనుకున్నాం, అందుకే అక్కడ కట్టింది. గుడ్డ కట్టమన్నావు, రాళ్లు లేవని కట్టినాను అంది. కత్తితో నరికే మగవాడి లెక్క అది. వాళ్లకి తెలిసిన లెక్క. నా లెక్కలో గుడ్డ అంటే దారి ఖాళీ. రెండు లెక్కలూ కలిపి చూసుకోలేదు ఎవరం.

పోతమ్మ ఏడవలేదు. కొమ్మకి మిగిలిన ముడి చూసింది. కట్టర్ చూసింది. నా చేతిలో బొంత చూసింది. అది మా యమ్మ సీర బాబూ అంది. నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. వెనక్కి జరిగింది. పిల్లని గట్టిగా పట్టుకుని జరిగింది. నన్ను చూసి భయపడి జరిగింది.

17 ఫిబ్రవరి

ఓడ ఆగే బెర్తు దగ్గర సిగ్నల్‌మన్ క్రేన్‌కి చెయ్యి ఊపాడు. నేను వెళ్లి ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను.

18 ఫిబ్రవరి, మంగళవారం

పద్మావతికి ఇవాళ చెప్పాను. వండుతున్నది దించేసి విన్నది. కాశమ్మ పోయినప్పుడు మీ తప్పేం లేదని నేనే అన్నాను, ఇప్పుడేమనాలో నాకు తెలియడం లేదండీ అంది. అని లేచి వెళ్లి మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఇద్దరం తినలేదు.

19 ఫిబ్రవరి

భీమశంకరరావు ఫోన్. ఎలా ఉంది సార్ మా కట్టర్ అన్నాడు. చెప్పాను. పిల్లకి ఏమీ కాలేదు కదా సార్, ముందు ఒక మనిషిని విజిల్ ఇచ్చి నడిపిస్తే సరిపోతుందేమో సార్ అన్నాడు. నోటికి వచ్చినట్టు తిట్టి పెట్టేశాను. పెట్టేశాక సిగ్గేసింది. అతను అమ్మింది నేను అడిగినదే. వెతికి, బొమ్మ మీద వేలు పెట్టి అడిగినదే.

20 ఫిబ్రవరి, గురువారం

సాయంత్రం రుషికొండలో సన్యాసిరాజు ఇంటికి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం నుంచి అలాగే కూర్చుంటన్నాడని వాళ్లమ్మ చెప్పింది. నాను మరి ఎక్కను బాబూ అన్నాడు. పిల్లకి ఏమీ కాలేదు కదరా అన్నాను, భీమశంకరరావులాగే. నిజమే బాబూ, కానీ ఆ మెత్తగా తగిలినాది సూడండి, అది ఇంకా కాలికి తెలస్తన్నాది అని ఎడమకాలు చూపించాడు, కాలికి దెబ్బ తగిలినవాడిలా.

నేను నా చెయ్యి చూపించలేదు.

కట్టర్ తిరిగి ఇచ్చెయ్యాలి. కానీ ఇచ్చేస్తే తుప్ప అలాగే ఉంటుంది. పాము అలాగే ఉంటుంది. మార్చి వచ్చేస్తోంది. పోతమ్మ మళ్లీ అందులో చెయ్యి పెడుతుంది. ఎటు తిరిగినా ఆ ఇంటి వాళ్లే. ఇంత చదువుకుని నాకు ఇంకో దారి తోచడం లేదు.

23 ఫిబ్రవరి, ఆదివారం

తోట ఖాళీగా ఉంటుందనుకున్నాను. అందరూ ఉన్నారు. చేతుల్లో కత్తులు, పొడుగాటి కర్రలు. ముందు కర్రతో తట్టి, తర్వాత నరుకుతున్నారు. ఆడవాళ్లే. ఇది మగవాళ్ల పని అన్నావు కదా అని అడిగితే నారాయణమ్మ, పాముకైతే సప్పుడు సేసి సెప్పొచ్చు బాబూ, మేం వొత్తన్నాం తప్పుకో అని, మిషనుకి సెప్పలేం అంది.

ట్రాక్టరు ఆ రోజు ఆగినచోటే ఉంది. పోతమ్మ కొత్త ఉయ్యాల కట్టింది. ఒక కొస కొమ్మకి, రెండో కొస స్టీరింగ్‌కి. పిల్ల నిద్రపోతోంది.

ఇక్కడెందుకమ్మా అన్నాను.

బండెక్కినోడికి ముందు నా పిల్లే కనబడాల అంది.

ఇంజను తాళం నా జేబులోనే ఉంది. ఉందని తెలుసు. సాయంత్రం దాకా జేబు తడుముకుంటూనే ఉన్నాను.